వేడుక వస్తువు - విజ్ఞాన సాధనము

కామారెడ్డి జిల్లాలోని రామారెడ్డిలో బడి విడిచిన పిదప బాలుడొకడు కాగితపు విమానమును విసరును. అది ముక్కు వంచుకొని నేలబడును. రెక్కల వెనుక అంచును కొంచెము పైకి మడిచి మరల విసరును; ఈమారు అది సాగిపోవును. ఆ మడతతో ఆట పరిశోధనకు తొలిమెట్టగును.

విమానయాన చరిత్రలో ఇట్టి మార్పు పెద్దయెత్తున జరిగినది. అమెరికాలో ఎడ్విన్ లింకు తండ్రికి ఆర్గనులు, పియానోలు చేయు కర్మాగారము కలదు. ఆ వాద్యములకు గాలినందించు తిత్తుల విధానముతోనే లింకు 1929లో నేలపైననే ఉండి అటునిటు ఒరుగు చిన్న విమానమును నిర్మించెను. తొలుత దానిని వినోదశాలలవారే ఆదరించిరి. 1934లో టపా మోయుచు సైనిక వైమానికులు పలువురు మరణించిన పిమ్మట సైన్యము ఆరు యంత్రములను కొనెను.

కంప్యూటరు కాలమునను కథ అదియే. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన విమానక్రీడను మైక్రోసాఫ్టు సంస్థ 1982లో విడుదల చేసెను. ఆ వంశమునకు చెందిన సాఫ్ట్‌వేరునే లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ గ్రహించి 2010లో శిక్షణ సాధనముగ వెలువరించెను.

ఆటకు దృశ్యము ప్రధానము. పరిశోధనకు కొలత ప్రధానము. కావున మార్పు తెరపై గాక లోపల జరుగవలెను. వేగము, ఎత్తు, వాలు మున్నగు విలువలు క్షణక్షణము నమోదు కావలెను. ఊహించిన విమానమునకు బదులు, గాలి సొరంగమునందును నిజమైన ప్రయాణములందును కొలిచిన అంకెలుండవలెను. ఒకే ప్రయోగమును ఎన్నిమార్లు చేసినను ఒకే ఫలితము రావలెను. తుదకు, యంత్రమును ఏ మేరకు నమ్మవచ్చునో హద్దు చెప్పవలెను.

ఈ జాగ్రత్త ఎందులకు? 2001 నవంబరు 12న న్యూయార్కులో ఒక ఎయిర్‌బస్ విమానము కూలి 265 మంది మరణించిరి. చుక్కానిని అవసరమునకు మించి త్రొక్కుటచే తోకపై నిలువు రెక్క ఊడినదని విచారణలో తేలెను. అనుకరణ యంత్రముపై చేయించిన అభ్యాసమొకటి విమానపు స్పందనను యథార్థముగ చూపక తప్పు నేర్పియుండవచ్చునని కూడ దర్యాప్తు సంఘము తెలిపెను. అబద్ధమాడు యంత్రము లేనిదానికంటె అపాయకరము.

సరిచూచుటకు మార్గము కలదు. 1997 నుండి ఉచితముగ లభించుచున్న ‘ఫ్లైట్‌గేర్’ క్రీడలో ‘జె.ఎస్.బి.సిమ్’ అను గణనభాగము వాడబడుచున్నది. నాసా సంస్థ 2015లో ప్రకటించిన పరీక్షలలో ఒకే లెక్కను వేర్వేరు ప్రోగ్రాములచే చేయించి ఫలితములను పోల్చిరి. తన సొంత ప్రోగ్రాములతో పాటు ఈ ఉచిత సాధనమును కూడ నాసా ఆ వరుసలో నిలిపినది.

ఆ సాధనపు లోపలి వ్రాత ఎల్లరకును తెరిచియున్నది. కంప్యూటరున్న ఏ బడియైనను దానిని పరిశీలింపవచ్చును. కంప్యూటరు లేనిచో కాగితపు విమానము చాలును. పదిమార్లు విసరి, ప్రతిమారు దూరము కొలిచి పుస్తకములో వ్రాసికొన్న విద్యార్థికి ఈ శాస్త్రములోని మొదటి పాఠము వచ్చినట్లే.