ఆ బ్లాక్ బెల్టు ఎవరిచ్చారు?

"మా గుంటకి కరాటే నేర్పిస్తానంటన్నాడు బాబూ, ఆ మేస్టరు. గోడనిండా కాయితాలే. అవి నిజవైనవో కావో ఎలాగ తెలుస్తాది?"

భావనపాడులో ఒక తల్లి నన్నడిగిన ప్రశ్న ఇది. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, నౌపడా ఉప్పు మడులకు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు అది. ఆమె భర్త ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవమీదనే ఉంటాడు. పిల్ల ఏడవ తరగతి. ట్యూషనునుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. దారిలో తాగి కూర్చునేవాళ్లు ఉంటారు. అందుకని కరాటే. నెలకు ఫీజు వేరు, దుస్తులకు వేరు, ఒక్కొక్క బెల్టు పరీక్షకు మళ్లీ వేరు. చేపలమ్మి కూడబెట్టిన డబ్బు కట్టబోయేముందు ఆమె అడిగిన ప్రశ్నను, పట్నాల్లో చదువుకున్న తల్లిదండ్రులలో ఎందరు అడుగుతున్నారో అనుమానమే.

నిజానికి ఆ ఊరివారికి ఒక మనిషి యోగ్యతను తూచడం కొత్తగాదు. పడవను నడిపించే నాయకుణ్ణి అక్కడ తండేలు అంటారు. ఒకడి వెంట సముద్రంమీదకు పోవచ్చునా, పోగూడదా అన్నది అతని గోడమీది పటాలు చూసి ఎవరూ తేల్చుకోరు. అతనితో ఇదివరకు వెళ్లివచ్చినవాళ్లు నలుగురు ఊళ్లోనే ఉంటారు, వాళ్లనడుగుతారు. కరాటే మాస్టారి విషయంలో చిక్కేమిటంటే, ఆయన వెంట వెళ్లివచ్చినవాళ్లెవరో మనకు తెలియదు. ఆయన మోటారు సైకిలుమీద మరో ఊరినుంచి వస్తాడు, సాయంత్రం గంటసేపు నేర్పుతాడు, పోతాడు. మిగిలేది కాగితమే.

మన ప్రాంతంలో సాము నేర్పేవారిని ఒకప్పుడు వస్తాదులనేవారు. ఉస్తాదు అన్న మాటే మన నోళ్లలో అలా మారింది. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీయించి, కర్రసాము, గరిడీ, కుస్తీ నేర్పేవారు. వస్తాదుకు సర్టిఫికెట్ లేదు గాని, ఆయన గురువెవరో ఊరందరికీ తెలుసు. దసరాకో, పీర్ల పండుగకో శిష్యులను వెంటబెట్టుకుని వీధిలోకి వచ్చి అందరి ఎదుటా కర్ర తిప్పవలసిందే. అనుమానమున్నవాడు గోదాలోకి దిగవచ్చును. దొంగ వస్తాదు దాగడానికి చోటు తక్కువ.

అలాగని ఆ కాలమంతా బంగారమని నేననను. పెద్దల కొలువుల్లోనూ, ఊరి పార్టీ తగాదాల్లోనూ కర్రలు అద్దెకిచ్చిన వస్తాదులూ ఉండేవారు. "వాడో పెద్ద వస్తాదు బయలుదేరాడు" అన్నప్పుడు వినిపించే వెటకారం ఊరికే పుట్టలేదు. ఆ తాలింఖానాలలో ఆడపిల్లకు చోటే లేదు. భావనపాడు పిల్ల ఈనాడు తెల్ల దుస్తులు తొడుక్కుని వరుసలో నిలబడగలగడం కొత్త కాలం పుణ్యమే.

పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ రెంటినీ గెలిచినవాడు మన ఉత్తరాంధ్రలోనే ఒకడున్నాడు: కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు. ఆ ఊరు 2022నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకుని, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరుగుతూ వ్యాయామశాలలో చేరాడు. అప్పటికే ఆయన బలం గురించి జనం చెప్పుకునేవారు. అయినా ఆయన మద్రాసు వెళ్లి, సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, యోగ్యతాపత్రం పుచ్చుకుని విజయనగరం వచ్చి బడిలో పిల్లలకు నేర్పాడు. సర్కసు పెట్టి దేశమంతా పేరు పొందడం ఆ తరువాతి సంగతి. ఇనుప గొలుసులు తెంచడం, రొమ్ముమీద ఏనుగును నిలుపుకోవడం, కదలబోయే కార్లను పట్టి ఆపడం వంటివన్నీ వేలమంది కళ్లెదుట చేసినవి. కలియుగ భీముడన్న బిరుదుకు రుజువు చూపించమంటే, ఆ సాయంత్రం టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. 1942లో ఆయన పోయాడు.

ఇప్పటి ప్రదర్శనలను వాటి పక్కన పెట్టి చూడండి. పెంకులు పగలగొట్టడం వేదికమీద భలే కనిపిస్తుంది. పెంకుకూ పెంకుకూ మధ్య చిన్న పుల్లముక్కలు పెట్టి పేర్చారేమో గమనించండి. ఖాళీ ఉన్నప్పుడు పెంకులన్నీ కలిసి దెబ్బను అడ్డవు. ఒకటొకటే విరుగుతూ పోతాయి. ఇది మోసమని కాదు, చేతికీ సాధన కావాలి. కాని పది పెంకులు విరిచిన చెయ్యి పన్నెండేళ్ల పిల్లకు పాఠం చెప్పగలదని దానివల్ల రుజువు కాదు.

ఇంతకూ ఈ బెల్టు ఎక్కడిది? జపానులో జిగోరో కానో అనే పండితుడు 1882లో, మన రామమూర్తి పుట్టిన యేడే, కోదోకాన్ అనే జూడో పాఠశాల పెట్టాడు. 1883లో తన శిష్యులిద్దరికి మొట్టమొదటి 'దాన్' పట్టాలిచ్చాడు. నల్ల బెల్టు కట్టడం ఆ తరువాత వచ్చింది. ఒకినావానుంచి కరాటేను టోక్యోకు తెచ్చిన ఫునకోషి ఈ పద్ధతినే తీసుకుని 1924లో కరాటేలో మొదటి దాన్‌లు ఇచ్చాడు. అంటే బెల్టు వేల యేళ్ల రహస్యమేమీ గాదు. బడిలో తరగతుల వంటి ఏర్పాటు. మొదటి నల్ల బెల్టును 'షొదాన్' అంటారు. ఆరంభపు మెట్టు అని దాని అర్థం. జపానువారు అక్షరాభ్యాసం పూర్తయిందని చెప్పుకునేదాన్ని మనం పట్టాభిషేకంగా చూస్తున్నాం.

1973లో బ్రూస్ లీ సినిమా 'ఎంటర్ ది డ్రాగన్' వచ్చాక ప్రపంచమంతటికీ పట్టిన పిచ్చి మనకూ పట్టింది. సుమన్, భానుచందర్ వంటి కరాటే తెలిసిన నటులు తెలుగు తెరమీదకు వచ్చారు. వీధివీధికీ తరగతులు వెలిశాయి. ఈ తరగతులు తెరవడానికి మన దేశంలో వైద్యునికి ఉన్నట్టు రిజిస్ట్రేషను నిబంధన లేదు. కుస్తీకీ, బాక్సింగుకూ, జూడోకూ పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ శిక్షకులకు డిప్లొమా ఇస్తుంది. కరాటే కాగితాలు మాత్రం ఎక్కువగా ఆయా శైలుల సంఘాలు ఇచ్చుకునేవే. సంఘం పేరులో 'అంతర్జాతీయ' అన్న మాట చేర్చుకోవడానికి అయ్యే ఖర్చు బోర్డు రాసేవాడి కూలి మాత్రమే.

పెద్ద సంఘాల సంగతీ అంత నిలకడగా లేదు. భారత కరాటే సంఘానికి ఇచ్చిన గుర్తింపును భారత ఒలింపిక్ సంఘం 2020లో తీసివేసింది. ఆ యేడే ప్రపంచ కరాటే సమాఖ్యా అదే పని చేసింది. లోపల వర్గాల తగాదాలు ముదిరి వచ్చిన చేటు అది. పెద్దలు కుర్చీలకోసం కొట్టుకుంటే, చెమటోడ్చి సంపాదించిన కాగితానికి వెనుక నిలబడేవాడు లేకపోయింది పిల్లలకు.

దొంగ డాక్టరు మందిస్తే ఒళ్లు చెబుతుంది. దొంగ మాస్టారి పాఠం చెల్లదని తెలిసేది ఆపద వచ్చిన నాడే. కొయ్యచాకు పట్టుకున్న స్నేహితురాలిని తరగతిలో పదిసార్లు పడగొట్టిన పిల్ల, నిజం చాకు ఎదురైనప్పుడు పారిపోవడం మాని నిలబడితే? నాకు భయం అక్కడే. పరువున్న మాస్టారు మొదటి పాఠంగా అరవమంటాడు, పరుగెత్తమంటాడు, ఇంట్లో చెప్పమంటాడు. ప్రభుత్వ బడులలో ఆరునుంచి పన్నెండవ తరగతి ఆడపిల్లలకు సమగ్ర శిక్షాలో రాణీ లక్ష్మీబాయి పేర ఆత్మరక్షణ శిక్షణ ఉన్నది. అది మూడు నెలలు. మూడు నెలల్లో ఏది వస్తుందో ఏది రాదో నేర్పేవాడు నిజాయితీగా చెప్పాలి గదా!

ఆముదాలవలసలో కరణం మల్లీశ్వరికి తొలిపాఠాలు చెప్పినవారు నీలంశెట్టి అప్పన్న. ఆమె 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. బరువులెత్తడంలో ఒక సుఖమున్నది: ఇనుము అబద్ధమాడదు. కరాటేలో అటువంటి తూకపురాయి లేదు గనుక మనమే అడగవలసి ఉన్నది.

ఆ తల్లికి నేను చెప్పింది ఇంతే. మీ బెల్టు ఎవరిచ్చారు, ఆయన ఏ ఊరివారు, ఇప్పుడు వారితో మాట్లాడవచ్చునా అని అడగమన్నాను. ఇదివరకు మానేసిన పిల్లల తల్లులను ఒకరిద్దరిని కలుసుకోమన్నాను. చేరినవాళ్లకంటె మానేసినవాళ్లే నిజం చెబుతారు. దెబ్బ తగిలితే ఏం చేస్తారో, తరగతిలో ఒక ఆడమనిషి ఉంటుందో లేదో కనుక్కోమన్నాను. తరువాత ఒక సాయంత్రం వెళ్లి, పాఠం మొదలునుంచి చివరదాకా గోడవార కూర్చోమన్నాను. కూర్చోనివ్వకపోతే, డబ్బు కొంగున ముడివేసుకున్నది ముడివేసుకున్నట్టే పిల్లను తీసుకుని ఇంటికి వచ్చేయమన్నాను.