మల్లె ఆకు పసుపుబారినచో

పెరటి మల్లె ఆకులు పసుపుబారగానే చాలమంది మరింత ఎరువు వేసి, నీరు పోయుదురు. ముందుగా పరిశీలింపవలసినది వేఱొకటి కలదు: పసుపుబారినది ముదురాకా, చిగురా?

ముదురాకైనచో నత్రజని కొఱత. మొక్క తన ముదురాకులలోని నత్రజనిని చిగుళ్లకు తరలించుకొనును. బాగుగా చివికిన పశువుల ఎరువుతో ఇది తీరును. ఇనుము అట్లు తరలిపోదు. కావున దాని లోపము లేత ఆకులందే బయటపడును; ఈనెలు మాత్రము పచ్చగా నుండి, తక్కిన భాగము పసుపై, క్రమముగా తెల్లబోవును. గోడల సున్నము రాలి కలిసిన నేలలో ఇది తఱచు. అచ్చట ఇనుము లేక కాదు, వేరు దానిని గ్రహింపజాలదు. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది కరగించి, చల్లని పూట ఆకులపై చల్లవలెను. చిగురు పచ్చబడువరకు నెలకొకమారు చల్లవచ్చును. అయితే పాదులో నీరు నిలిచినను ఇట్టి పసుపే కనబడును గనుక, మొదట మట్టిలో వ్రేలు గ్రుచ్చి చూడుడు.

ఆకుపై సన్నని చుక్కలు, అడుగున సాలెగూటివంటి పోగులు కనబడినచో నది ఎర్రనల్లి, వేసవిలో హెచ్చును. ఆకుల అడుగున నీటిని బలముగా చిమ్మినచో చాలవరకు పోవును. పోనిచో నీటిలో కరగు గంధకపు పొడిని లీటరుకు 2 గ్రాముల వంతున, పూలు కోసిన పిమ్మట, ఎండ తగ్గినాక చల్లవలెను. మిట్టమధ్యాహ్నము చల్లినచో ఆకు మాడును.