ట్రావెల్ ట్రెయిలర్ కమాన్లకు కంచు బుష్‌లు

ట్రావెల్ ట్రెయిలర్ అంటే పికప్ ట్రక్కు వెనకో, పెద్ద కారు వెనకో తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. పడకలు, వంటగట్టు, స్నానాల గది, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే ఉంటాయి. అమెరికాలో ఈ పరిశ్రమకు కేంద్రం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణం. ట్రెయిలర్ల ఇరుసులు, కమాన్లు తయారుచేసే డెక్స్‌టర్, లిప్పర్ట్ సంస్థలకు ప్రధాన స్థానం కూడా అదే. రెండు ఇరుసుల ట్రెయిలర్‌లో ఒక్కో ఇరుసు తరచుగా 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు మోసే రకంగా ఉంటుంది. ఇంత బరువూ చక్రాలకు చేరాలంటే కొన్ని బోల్టుల మీదుగా, వాటి చుట్టూ ఉండే సన్నటి బుష్‌ల మీదుగా చేరాలి. చాలా ట్రెయిలర్లలో ఆ బుష్‌లు నైలాన్‌వి. వాటిని తీసేసి కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కే బోల్టులు, మందమైన షాకిల్ పట్టీలు వేసుకోవడం పనిముట్లు పట్టడం తెలిసినవారు ఇంటి ముందే చేసుకోగలిగిన పని.

అమరిక మన లారీల కమాన్లకు దగ్గరి చుట్టమే. ఒక్కో వైపు రెండు కమాన్ కట్టలు, ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి. ప్రతి కట్టలో అన్నిటికన్నా పొడవైన పట్టీ రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. బుష్ కూర్చునేది ఆ చుట్టలోనే. ఛాసిస్ కింద ఒక్కో వైపు మూడు హ్యాంగర్లు వెల్డింగ్ చేసి ఉంటాయి. ముందు కమాను ముందు కొస మొదటి హ్యాంగర్‌కు, వెనక కమాను వెనక కొస చివరి హ్యాంగర్‌కు నేరుగా బోల్టుతో బిగిస్తారు. మధ్య హ్యాంగర్‌కు ఈక్వలైజర్ అనే ఉక్కు దిమ్మ వేలాడుతుంది. కమాన్ల మిగతా రెండు కొసలనూ దానికి కలిపేవి షాకిల్ పట్టీలు. ముందు చక్రం గతుకు ఎక్కగానే ఈక్వలైజర్ ఒక పక్కకు ఒరిగి, పెరిగిన భారంలో కొంత వెనక చక్రానికి పంచుతుంది. లెక్క వేస్తే ఒక్కో వైపు ఏడు, మొత్తం పద్నాలుగు బోల్టులు, ఎనిమిది షాకిల్ పట్టీలు. బండి కదిలినంతసేపూ ఈ కీళ్లన్నీ కొద్దికొద్దిగా ఆడుతూనే ఉంటాయి.

ఈ కదలికలో ఉక్కూ ఉక్కూ రాసుకోకుండా మధ్యలో ఉండి తాను అరిగిపోవడమే బుష్ పని. నైలాన్ చవక, గ్రీజు అక్కర్లేదు, బిగించడం తేలిక. కానీ దుమ్ము, ఇసుక రేణువులు అందులో దిగబడితే అది అరగడమే కాదు, బోల్టును కూడా అరగదీస్తుంది. ఎక్కువ బరువు వేసుకుని దూరాలు తిరిగే బండిలో కొన్ని వేల మైళ్లకే పల్చబడి చిట్లిపోవచ్చు. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. బుష్ మార్చుకుంటే సరిపోతుంది. అసలు నష్టం బుష్ పోయిన సంగతి తెలియకుండా తిరిగినప్పుడు జరుగుతుంది. బోల్టు నేరుగా ఉక్కును కోస్తూ పోతుంది. షాకిల్ పట్టీల రంధ్రాలు, తర్వాత హ్యాంగర్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. ఇరుసు తన చోటు నుంచి కొద్దిగా జరుగుతుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి. చివరికి సగం అరిగిన బోల్టు దారిలో తెగితే కమాను ఊడి ఇరుసు వెనక్కి పోతుంది. కాబట్టి ఈ మరమ్మతును సోకు కింద కాక రక్షణ కింద లెక్కగట్టాలి. హ్యాంగర్ కోసుకుపోయాక చేయాల్సిన వెల్డింగ్ పనితో పోలిస్తే బుష్‌ల కిట్ ఖర్చు చాలా స్వల్పం.

విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ల పని చేసే మెకానిక్‌కు ఇందులో వింతేమీ కనబడదు. లారీ షాకిల్ పిన్నులకు గ్రీజు నిపిళ్లు ఉండటం, సర్వీసింగ్‌లో గ్రీజు గన్‌తో వాటిని నింపడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ట్రెయిలర్ కిట్‌లు చేసేదీ అదే. బోల్టు తల మీద నిపిల్ ఉంటుంది. అక్కడి నుంచి బోల్టు కడుపులో నిలువునా ఒక సన్న దారి, మధ్యలో పక్కకు తెరుచుకునే చిన్న రంధ్రం. గన్‌తో కొట్టిన గ్రీజు ఆ దారిన బుష్‌కూ బోల్టుకూ మధ్యకు చేరుతుంది, లోపలి మురికిని బయటకు నెడుతుంది. ఇక షాకిల్ పట్టీల సంగతి. మామూలుగా వచ్చేవి పావు అంగుళం మందం, కిట్‌లో వచ్చేవి అర అంగుళం. ఈ తేడా ఎందుకో ఇరుకు చోట ట్రెయిలర్‌ను మలుపు తిప్పేటప్పుడు చూస్తే అర్థమవుతుంది. రెండు ఇరుసుల చక్రాలు ఒకే చాపంలో తిరగలేవు గనక టైర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి, ఆ ఒత్తిడికి కమాన్లూ పట్టీలూ పక్కలకు మెలితిరుగుతాయి. సన్న పట్టీ అక్కడే వంగుతుంది.

కిట్ కొనేముందు కొలతలు తీసుకోవాలి. ఈ తరగతి ట్రెయిలర్లలో కమాను వెడల్పు సాధారణంగా 1¾ అంగుళాలు (44 మి.మీ.), బోల్టు లావు 9/16 అంగుళం (14.3 మి.మీ.). షాకిల్ పట్టీ రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం పాతదానితో సమానంగా ఉండాలి. అది మారితే కమాను కోణం, బండి ఎత్తు రెండూ మారతాయి. కమాను చుట్ట లోపలి వ్యాసం కూడా కొలిచి చూసుకోవడం మంచిది. ఈ కిట్ అన్ని బండ్లకూ పనికిరాదు. ఎయిర్‌స్ట్రీమ్ వంటి కొన్ని ట్రెయిలర్లకు కమాన్లే ఉండవు. వాటి ఇరుసు గొట్టంలో రబ్బరు కడ్డీలు మెలితిరిగి స్ప్రింగు పని చేస్తాయి. అక్కడ మార్చడానికి ఈ బుష్‌లు లేవు.

పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం బండి ఎత్తడం. దీనికి తొందర పనికిరాదు. చదునైన గట్టి నేల కావాలి. ట్రెయిలర్‌ను ట్రక్కుకు తగిలించే ఉంచి, నేల మీద ఉండే చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాలి. చక్రాల నట్లను బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. జాకీ పెట్టాల్సింది ఛాసిస్ కింద, హ్యాంగర్లకు దగ్గరగా. ఇరుసు గొట్టం కింద పెట్టి మొత్తం బండిని ఎత్తితే గొట్టం వంగవచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు. ఎత్తాక బరువును జాకీ మీద వదలకుండా ఉక్కు స్టాండ్ల మీదకు దించాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకు చేయి కూడా పెట్టకూడదు. తర్వాత చక్రాలు విప్పి, ఇరుసు కింద రెండో చిన్న జాకీ పెట్టుకోవాలి. ఇది బండిని ఎత్తడానికి కాదు. ఇరుసును వెంట్రుకవాసి పైకీ కిందకీ కదిపి బోల్టు మీది ఒత్తిడి తీసేయడానికి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. రెండు వైపులా ఒకేసారి విప్పితే ఇరుసు జరిగిపోయి రంధ్రాలు కలపడం నరకమవుతుంది.

బోల్టులు విప్పడంలో ఒక మెలకువ ఉంది. వీటి తల కింద మెడ చుట్టూ సన్నని పళ్లు ఉంటాయి. అవి హ్యాంగర్ రంధ్రంలోనో షాకిల్ పట్టీలోనో దిగి, బోల్టు తిరగకుండా పట్టి ఉంచుతాయి. అందువల్ల తలను కదలకుండా పట్టుకుని నట్టును మాత్రమే తిప్పాలి. బోల్టునే తిప్పితే ఆ పళ్లు ఆకురాయిలా రంధ్రాన్ని గీకి పెద్దది చేస్తాయి. కొత్త బోల్టుకు ఇక పట్టు దొరకదు. నట్టు తీశాక బోల్టు కొస మీద ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో కొడితే వెనక్కి వస్తుంది. రాకపోతే బలం పెంచడం కన్నా ఇరుసు కింది జాకీని కాస్త సర్దడం మేలు. చాలాసార్లు అడ్డు తుప్పు కాదు, మిగిలి ఉన్న భారం.

పాత నైలాన్ బుష్ ఊడదీయడానికి పొడుగాటి ఇరుకు రంపపు బ్లేడుతో లోపల నిలువుగా ఒక గాటు పెడితే చాలు, ముడుచుకుని బయటకు వస్తుంది. చుట్ట లోపలి గోడకు మాత్రం గాటు పడకూడదు. తర్వాత ఆ చుట్టను తీగ బ్రష్‌తో, సన్న గరుకు కాగితంతో శుభ్రం చేయాలి. పరిశీలనకు ఇదే సరైన సమయం. హ్యాంగర్ రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, వెల్డింగ్ దగ్గర జుట్టులాంటి పగుళ్లు ఉన్నాయా, కమాను పట్టీల్లో ఏదైనా విరిగిందా అని ఒక్కొక్కటీ చూడాలి. రంధ్రం సాగినా, పగులు కనబడినా పని అక్కడ ఆపి వెల్డర్‌కు అప్పగించాల్సిందే. సాగిన రంధ్రంలో కొత్త బోల్టు బిగిస్తే లోపం కనబడకుండా పోతుందే తప్ప తగ్గదు.

కంచు బుష్‌ను సుత్తితో కొట్టి దించాలని చాలామందికి అనిపిస్తుంది. కంచు మెత్తటి లోహం. దెబ్బకు అంచు లోపలికి మడుచుకుపోతే బోల్టు దూరదు. నిదానంగా ఒత్తి దించాలి. పొడవాటి మరకడ్డీని చుట్టలోంచి దూర్చి, ఒక పక్క బుష్, దాని వెనక వాషర్, నట్టు పెట్టాలి. రెండో పక్క బుష్ కంటే వెడల్పైన చిన్న గొట్టం ముక్క, వాషర్, నట్టు పెట్టి బిగిస్తూ పోతే బుష్ తనంతట తానే సూటిగా లోపలికి జారుతుంది. పెద్ద సీ క్లాంపుతోనూ ఇదే పని అవుతుంది. దిగాక రెండు అంచులూ చుట్ట అంచులతో సమంగా ఉండాలి. కొత్త బోల్టును చేత్తో దూర్చి తిప్పి చూడాలి, ఎక్కడా పట్టేయకూడదు.

బోల్టు ఎక్కించేటప్పుడు గ్రీజు రంధ్రం దిశ చూసుకోకపోతే తక్కిన శ్రమంతా దండగే. భారం బోల్టును బుష్ పైగోడకో కిందిగోడకో గట్టిగా అదుముతుంది. రంధ్రం ఆ పక్కకు ఉంటే మూసుకుపోయి గ్రీజు బయటకు రాదు. అందుకే రంధ్రాన్ని గడియారంలో మూడు లేదా తొమ్మిది గంటల అంకె వైపు, అంటే అడ్డంగా పక్కకు ఉంచుతారు. మెడ పళ్లు దిగాక ఇక తిప్పడం కుదరదు కాబట్టి, లోపలికి కొట్టకముందే రంధ్రం ఎటుందో బోల్టు తల మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. నిపిల్ ఉన్న తల గ్రీజు గన్ అందే పక్కకు రావాలి. నట్లు పాతవి వాడకూడదు. ఇవి వదులు కాకుండా బిగుసుకుని ఉండే లాక్ నట్లు, ఆ పట్టు ఒకసారి విప్పితే తగ్గిపోతుంది. బిగింపులో బలప్రదర్శన వద్దు. పట్టీలు వదులుగా ఊగకూడదు, అలాగని కదలకుండా బిగుసుకుపోనూ కూడదు. షాకిల్ స్వేచ్ఛగా ఆడకపోతే కమాను తన పని చేయలేదు. ఎంత బిగించాలో కిట్ కాగితంలో ఉంటుంది, దాన్ని టార్క్ రెంచ్‌తోనే పాటించాలి.

మొదటి గ్రీజు బండి ఇంకా స్టాండ్ల మీద ఉండగానే ఎక్కించాలి. భారం లేనప్పుడు బుష్ చుట్టూ సందు ఉంటుంది, గ్రీజు అన్ని వైపులకూ పాకుతుంది. బుష్ రెండు అంచుల నుంచీ గ్రీజు కనబడే దాకా కొట్టాలి. ఏ నిపిల్ అయినా తీసుకోకపోతే ఇరుసును జాకీతో కాస్త కదిపి మళ్లీ ప్రయత్నించాలి. రెండు వైపులా పూర్తయి చక్రాలు నేల మీదకు దిగాక, ముందు కొక్కెం మధ్య నుంచి ముందు ఇరుసు రెండు కొసలకూ టేపుతో కొలిస్తే దూరాలు సమానంగా రావాలి. తేడా వస్తే ఏదో ఒక కీలు సరిగా కూర్చోలేదని అర్థం. చక్రాల నట్లను 10, 25, 50 మైళ్ల దగ్గర (సుమారు 16, 40, 80 కి.మీ.) మళ్లీ బిగించి చూసుకోవాలని తయారీదారులు చెబుతారు. ఆగినప్పుడే వంగి షాకిల్ నట్లనూ ఒకసారి చూసుకోవచ్చు.

కంచు వేశాక చింత తీరిందనుకోవడం పొరపాటు. నైలాన్ గ్రీజు అడగదు, కంచు అడుగుతుంది. ఎండిపోతే కంచు కూడా అరుగుతుంది, బోల్టును అరగదీస్తుంది. గ్రీజు పట్టించే గడువు ఇరుసు తయారీదారు పుస్తకంలో ఉంటుంది. చాలామంది యజమానులు ప్రయాణాల కాలం మొదట్లో ఒకసారి, బండిని చలికాలానికి పక్కన పెట్టేముందు ఒకసారి కొడతారు. నీళ్లలోంచో బాగా దుమ్ము రోడ్ల మీదుగానో వెళ్లొస్తే ఆ గడువు దాకా ఆగకుండా పట్టించడమే మంచిది. గ్రీజు ఎక్కించిన ప్రతిసారీ బయటకు వచ్చిన పాత గ్రీజును వేలి మీద తీసుకుని చూడాలి. అందులో బంగారు రంగు మెరుపు పొడి కనబడితే ఆ కీలులో కంచు అరుగుతోందన్నమాట. మిగతావి ఎలా ఉన్నా ఆ బోల్టును విప్పి చూడాలి.