బండ్లు పోని దీవి నాగార్జునకొండ

మాచర్ల: సాగర్ రోడ్డున పిల్లాపాపలతో బయలుదేరే కుటుంబాలకు మొదటి మజిలీ ఎత్తిపోతల. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటది. దిగువన మొసళ్ల పెంపక కేంద్రం ఉన్నది గనుక పిల్లలను మడుగు వైపు దిగనివ్వరాదు.

విజయపురి సౌత్ దాటి అనుపు వెళితే రాతి మెట్ల వరుసలతో పురాతన ప్రదర్శనశాల కనిపిస్తుంది. అది మొదట అక్కడిది కాదు. కృష్ణ లోయలో బయల్పడిన దానిని అక్కడ తిరిగి నిర్మించారు.

విజయపురి సౌత్ రేవులో ఎంత పెద్ద కారైనా ఆగిపోవలసిందే. నాగార్జునకొండకు లాంచీయే దారి. అవతల గట్టెక్కాక అందరిదీ కాలినడకే.

ఇది పుట్టుకతో దీవి కాదు, కొండ కొన. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నెలకొన్న లోయ మునగనున్నందున 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్ని కొండపైకి, కొన్ని అనుపుకు చేరాయి. 1967లో కాలువలకు నీరు వదిలారు. లోయలోని పల్లెలు మాత్రం కొండెక్కలేదు. అక్కడివారు ఇళ్లూ పొలాలూ విడిచిపోయారు.

కొండపై మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉన్నది. లాంచీ కింద ఏమున్నదో పిల్లలకు అక్కడ చూపి చెప్పాలి. కుడికాలువ నీటితో పంట తీసే ఇళ్లలోని పిల్లలకు ఆ నీటి ఖరీదు తెలియాలి.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీలు అప్పుడప్పుడు నిలిపివేస్తుంటారు. ముందుగా విచారించి, తిరుగు లాంచీ వేళ కనుక్కుని బయలుదేరడం మంచిది.