మీ ఇంగ్లీషు వినేదెవరు?

విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ నాటకంలో ఒక ఇంగ్లీషు పరీక్ష ఉంది. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. కొడుకు వెంకటేశం, అతని మాస్టారు గిరీశం నోటికొచ్చిన ముక్కలు ఒకరిమీదొకరు విసురుకుంటారు. వినేది అమ్మ కాబట్టి గట్టెక్కారు. ఇప్పుడు రాజాం, టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి పైదేశాలకు బయల్దేరే పిల్లల ఇంగ్లీషు వినేది అమ్మ కాదు. ఒక యూనివర్సిటీ, ఒక వీసా ఆఫీసు, లేదా ఒక నర్సింగ్ కౌన్సిల్. ఆ వినేవాళ్లెవరో తేలితే గానీ ఏ పరీక్ష రాయాలో తేలదు.

మనం చాలాసార్లు దీన్ని తిరగేస్తాం. స్నేహితుడు చేరాడని కోచింగ్‌లో చేరి, సుమారు 18,000 రూపాయలు కట్టి ఐఈఎల్‌టీఎస్ రాసి, ఆ తర్వాత దేశం వెతుక్కుంటాం.

అమెరికాలో ఎంఎస్ సంగతి చూద్దాం. అక్కడి స్టూడెంట్ వీసాకు ఫలానా పరీక్షే రాయాలన్న నియమం లేదు. ఏది చెల్లుతుందో యూనివర్సిటీ చెబుతుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ ఎక్కువచోట్ల చెల్లుతాయి. ఇంట్లో కూర్చుని గంటలో ముగించే డ్యుయోలింగోను కూడా చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, ఖర్చూ తక్కువే. కానీ మనసు మారి ఆస్ట్రేలియా వెళ్దామనుకుంటే, ఇంటి నుంచి రాసిన పరీక్ష అక్కడి వీసాకు పనికిరాదు. టోఫెల్ రాసేవారికి ఇంకో మాట: 2026 జనవరి నుంచి దాని స్కోరు 120 లెక్క నుంచి 1–6 లెక్కకు మారింది. సీనియర్ చెప్పిన పాత మార్కుతో మీ మార్కు పోల్చుకుని కంగారుపడొద్దు.

పేరు ఒకటే అయినా లోపల రకాలుంటాయి. అసలు తికమకంతా ఇక్కడే. ఐఈఎల్‌టీఎస్‌లో చదువుకు అకడమిక్, వలసకు జనరల్ ట్రైనింగ్. వినడం, మాట్లాడడం రెండింటిలోనూ ఒకటే, చదవడం, రాయడం వేరు. అకడమిక్‌లో గ్రాఫ్ చూసి వివరించాలి, జనరల్‌లో ఉత్తరం రాయాలి. కెనడాలో స్థిరపడేందుకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి దరఖాస్తు పెట్టేవారికి జనరల్ కావాలి. అకడమిక్‌లో ఎనిమిది బ్యాండ్లు తెచ్చుకున్నా అక్కడ లెక్కలోకి రాదు. పీటీఈ అనే మరో పరీక్ష కూడా అంతే: కెనడా వలసకు పీటీఈ కోర్, పీటీఈ అకడమిక్ కాదు. బ్రిటన్‌లో కొన్ని వీసాలకు ఐఈఎల్‌టీఎస్‌నే యూకేవీఐ పేరుతో విడిగా బుక్ చేసుకోవాలి.

బ్రిటన్ వెళ్లాలనుకునే నర్సులకు ఓఈటీ అనే దారి ఉంది. అందులో పేషెంటుతో మాట్లాడినట్టు మాట్లాడాలి, కేసు వివరాలు చూసి రిఫరల్ లాంటి ఉత్తరం రాయాలి. వార్డులో రోజూ చేసే పనే కాబట్టి గ్రాఫులకంటే చేతికి దగ్గరగా ఉంటుంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ కూడా ఒప్పుకుంటుంది: రాయడంలో 6.5, మిగతా మూడింటిలో 7. జర్మనీ వెళ్లే నర్సు మాత్రం నేర్చుకోవలసింది జర్మన్ భాష.

ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్లే వెల్డర్, ఫిట్టర్, రిగ్గర్‌కు సాధారణంగా పెట్టేది ట్రేడ్ టెస్ట్. అక్కడ చూసేది చేతిపని. ఐఈఎల్‌టీఎస్ పేరుచెప్పి ఏజెంటు డబ్బు అడిగితే, ముందు అతనికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. మర్చంట్ నేవీలోకి వెళ్లే కుర్రాళ్లను చాలా కంపెనీలు మార్లిన్స్ అనే ఓడ ఇంగ్లీషు పరీక్ష రాయమంటాయి.

రెండు మూడు పరీక్షలు చెల్లేచోట మీ తీరు చూసుకోండి. ఐఈఎల్‌టీఎస్‌లో మనిషితో 11 నుంచి 14 నిమిషాలు మాట్లాడతారు. మన శ్రీకాకుళం యాస ఉన్నంతమాత్రాన మార్కులు పోవు, మాట తెలియాలి అంతే. బట్టీ పట్టిన జవాబు మాత్రం పట్టుబడుతుంది. పీటీఈలో మైకుతో మాట్లాడాలి. మూడు సెకన్లు ఆగితే మైకు మూసుకుపోతుంది. ఫలితం మాత్రం ఎక్కువసార్లు రెండు రోజుల్లో వస్తుంది. మనుషుల ముందు బెదిరేవారికి పీటీఈ నయం, ఆలోచించుకుని నెమ్మదిగా మాట్లాడేవారికి ఐఈఎల్‌టీఎస్ నయం.

ఫీజు కట్టేముందు ఒక కాగితం తీసుకోండి. దరఖాస్తు పెట్టే ప్రతి యూనివర్సిటీ, వీసా, కౌన్సిల్ పేరు రాయండి. ఎదురుగా అక్కడ చెల్లే పరీక్ష, దాని రకం, మొత్తం స్కోరుతోపాటు ఒక్కో విభాగంలో కావలసిన కనీస మార్కు, గడువు రాయండి. ఐఈఎల్‌టీఎస్ అయినా టోఫెల్ అయినా స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. మరీ ముందు రాస్తే చేరేనాటికి పాతబడుతుంది, మరీ ఆలస్యమైతే తిరిగి రాసే వ్యవధి ఉండదు. అన్ని వరుసల్లోనూ కనిపించిన పరీక్ష ఏదో దానికే విశాఖలో సీటు బుక్ చేసుకోండి. ఏ వరుసలోనూ ఏదీ కనిపించకపోతే ఆ డబ్బు ఇంట్లోనే ఉంచండి.