బిడ్డల మనసులో ధర్మసందేహం



జుమా నాడు మనం పఠించే కహఫ్ సూరాలో 60 నుండి 82 వరకు గల ఆయతులు ప్రవక్త మూసా (అలైహిస్సలాం) ప్రయాణాన్ని వివరిస్తాయి. ప్రశ్నించనని మాట ఇచ్చిన ఆయన, పేదల పడవకు రంధ్రం చేయడం చూసి మౌనంగా ఉండలేకపోయారు. పడవలను బలవంతంగా లాక్కునే రాజు నుండి కాపాడటానికే ఆ పని జరిగిందని తరువాత తెలిసింది. అది అల్లాహ్ ఆజ్ఞ. మనకు అటువంటి జ్ఞానం లేదు. అయితే పిల్లలకు ఈ వృత్తాంతం చెప్పేటప్పుడు ముగింపుకు తొందరపడక, పడవ దగ్గరే ఆగి అడుగుదాం: "మాట నిలుపుకోవాలా? అన్యాయమని తోచినప్పుడు నోరు విప్పాలా?"

ఇటువంటి సందేహం మన ఇళ్లలోనూ ఎదురవుతుంది. గుణదల మీదుగా ఏలూరు కాలువ పారుతున్నది. దొంగచాటుగా అందులో ఈతకు దిగే స్నేహితుడు "ఇంట్లో చెప్పకు" అని మాట తీసుకుంటే మన బిడ్డ ఏమి చేయాలి? రహస్యం అమానతే, ప్రాణమూ అమానతే. చెబితే స్నేహం చెడుతుందన్న బాధా నిజమే. ముందు బిడ్డ ఆలోచనను ఓపికగా విందాం. ఆ పిమ్మట, ప్రాణాపాయం ఉన్నచోట పెద్దలకు తెలపడం ద్రోహం కాదని వివరిద్దాం. చెప్పుకోవడానికి వచ్చిన బిడ్డను గద్దిస్తే, మరో సందేహం మన దాకా రాదు.

మన సంతానానికి మంచిచెడులను గుర్తించే వివేకాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.