నీటిమీద నెమలి ఈక

మా ఊరి కాలువ గట్టున తుమ్మచెట్టు కింద మా తాత కూర్చున్నాడంటే పక్కన మూడే వస్తువులుండేవి. వెదురు కర్ర, కొబ్బరిచిప్పలో తడిమట్టి కప్పిన ఎర్రలు, మూత తుప్పుపట్టిన ఒక రేకు డబ్బా. ఆ డబ్బాలో ఏముందో చూడాలని ఎనిమిదేళ్ల వయసులో నాకు ఒకటే ఆత్రం. గాలాలు, సీసం ముక్కలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, ఓ సగం బ్లేడు. వీటికి వేరుగా, పాత పంచె గుడ్డలో చుట్టి, ఐదారు నెమలి ఈక కాడలు. తక్కినవి ముట్టుకుంటే ఏమీ అనేవాడు కాదు. ఆ గుడ్డ జోలికి వెళితే మాత్రం "ఒరేయ్, దాన్నొదిలెయ్" అనేవాడు.

తాతకు ఆ ఈక కాడలే బెండ్లు. నా బెండు వేరు. కొత్త సామాను అట్టపెట్టెలో వచ్చిన థర్మోకోల్ ముక్క, కోడిగుడ్డంత ఉండేది. ఎంత దూరానికైనా కనిపిస్తుందని, ఎంత గాలికీ మునగదని మురిసిపోయేవాణ్ని. ఒకే గట్టు, ఒకే ఎర్ర, ఒకే నీళ్లు. తాత బుట్టలో పరిగెలూ జెల్లలూ పడుతుంటే నా గాలానికి ఎర మాయమయ్యేదే తప్ప చేప వచ్చేది కాదు. ఓ సాయంత్రం ఇక ఉండబట్టలేక ఏడుపు గొంతుతో అడిగాను.

"నీ బెండు మునగటానికి ఒప్పుకోటం లేదురా అబ్బాయ్," అన్నాడు. "తేలటానికైతే ఎండు కొబ్బరిమట్ట కూడా తేలుద్ది. బెండున్నది మునగటానికి."

ఆ మాట వెనక ఎంత లెక్క ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గ్రాములో ఎనిమిదో వంతు

బళ్లో అందరం చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే ఇది. మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే, నీరు దాన్ని అంత బరువుతో పైకి నెడుతుంది. నెమలి ఈక కాడ మందం 4 మిల్లీమీటర్లు అనుకుందాం. అది ఇంకో సెంటీమీటరు కిందికి దిగాలంటే చేప లాగాల్సింది గ్రాములో ఎనిమిదో వంతు. 2 సెంటీమీటర్ల మందమున్న థర్మోకోల్ ముక్క అదే సెంటీమీటరు దిగాలంటే 3 గ్రాములకు పైనే కావాలి. మందం ఐదింతలైతే బరువు ఇరవై ఐదింతలవుతుంది. పది గ్రాముల పరిగెపిల్లకు 3 గ్రాములంటే తన ఒంటి బరువులో మూడో వంతు. ఎర్రను నోట్లో పెట్టుకోగానే అంత బరువు పెదవికి తగిలితే అది ఎందుకుంటుంది?

చేప ఎర తినే తీరు కూడా తెలియాలి. పరిగె, శీలావతి, మోసు, బొచ్చె, బంగారుతీగ అన్నీ ఒకే కుటుంబం. వీటి దవడలకు పళ్లుండవు, నమిలే పళ్లు గొంతులో ఉంటాయి. అందుకని మేతను కొరకవు. నీటితో పాటు లోపలికి పీలుస్తాయి, నచ్చకపోతే వెంటనే ఊసేస్తాయి. బెండు వణికి, ఆగి, మళ్లీ వణకడం ఈ పీల్చడం, ఊయడమే. మనకు ఒక్క క్షణం దొరుకుతుంది. ఆ క్షణంలో చేపకు అనుమానం రానివ్వకుండా ఉంచేదే మంచి బెండు.

కాబట్టి ఈక కాడ సన్నగా ఉంటే చాలదు. దారానికి సీసం చిన్న చిన్న ముక్కలుగా నొక్కుకుంటూ పోవాలి. ఎంతవరకంటే, నీటిపైన వడ్లగింజంత కొన మాత్రమే మిగిలేదాకా. ఇంకొక్క చిన్న ముక్క పెడితే మునిగిపోతుందన్న చోట ఆపాలి. మా తాత దీన్ని ఇంటి దగ్గరే బిందెలో నీళ్లు పోసి సరిచూసుకునేవాడు. పావుగంట పట్టేది. కొత్తగా గాలం పట్టేవాళ్లలో నూటికి తొంభైమంది ఈ పావుగంట పనే వదిలేస్తారని నా గట్టి నమ్మకం. వేలు పోసి విదేశీ కర్ర కొంటారు, బెండు మాత్రం సగం బయటికి నిలబడి ఉంటుంది.

ముతక చేపలు, నాజూకు పనిముట్లు

ఇంగ్లండులో సాల్మన్, ట్రౌట్ జాతులు కాక మిగిలిన మంచినీటి చేపలను ‘కోర్స్ ఫిష్’ అంటారు. ముతక చేపలని అర్థం. పేరులో చిన్నచూపు కనిపిస్తుంది గానీ, ఈ చేపల కోసం వాళ్లు తయారుచేసిన పనిముట్లంత నాజూకైనవి ఇంకెక్కడా లేవు. ఐజాక్ వాల్టన్ 1653లో ‘ది కంప్లీట్ యాంగ్లర్’ అచ్చువేసినప్పుడు ఆయన దారం గుర్రపు వెంట్రుకలతో పేనినది. పక్షి ఈకల కాడలు బెండ్లుగా అక్కడా వాడారు. మన నెమలి ఈక కాడ ఇంగ్లిష్ జాలర్ల పెట్టెల్లో ఎంత స్థిరపడిపోయిందంటే, ప్లాస్టిక్ వచ్చాక కూడా దాన్ని వదలనివాళ్లున్నారు. లోపల తెల్లటి బెండు నిండి ఉంటుంది. పైన కొమ్ములా గట్టి పొర. నీరు తాగదు. తేలిగ్గా ఉంటుంది, బ్లేడుతో ఎంత కావాలంటే అంత కోసుకోవచ్చు.

మన వైపు ఈ విద్య ఇంకా పాతది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రాయించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదమని ఒక భాగమే ఉంది. చేపల్లో రకాలు, వాటికి వేయాల్సిన మేత, గాలంతో పట్టే పద్ధతి అందులో ఉన్నాయి. తెలంగాణలో చాలా భాగం అప్పుడు ఆ రాజ్యంలోదే. రాజు వినోదాల పట్టికలో గాలానికి చోటిచ్చిన గ్రంథమది. ఆ తర్వాత ఏడు వందల యాభై ఏళ్లకు, 1887లో, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ మన దేశపు చెరువుల్లో గాలం వేయడం మీదే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని పుస్తకం రాశాడు. చెరువు చేపను తక్కువగా చూడని ఇంగ్లిష్‌వాడు ఆయన. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

నోరు చూసి లోతు

దుకాణానికి వెళ్లేముందు చేపల మార్కెట్‌కు వెళ్లమని చెబుతాను ఎవరైనా అడిగితే. అక్కడ బొచ్చె, శీలావతి, మోసు పక్కపక్కనే ఉంటాయి. నోళ్లు చూడండి. బొచ్చె నోరు పెద్దది, పైకి తిరిగి ఉంటుంది. పైనీటిలో తేలే మేత తింటుంది. శీలావతి, తెలంగాణలో రవ్వ అంటారు, పెదవులకు అంచు కుట్టినట్టుంటుంది. నడినీటిలో తిరుగుతుంది. మోసు నోరు కిందివైపు. అడుగున బురద వెతుక్కుంటుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతులు ఈ రకాలను కలిపి పెంచడంలో కిటుకు ఇదే, ఒకదాని మేతకు ఇంకొకటి అడ్డురాదు. గాలం వేసేవాడికి కూడా ఇదే కొలబద్ద. బొచ్చెకైతే బెండు నుంచి గాలానికి మూరెడు దారం చాలు. మోసుకైతే గాలం నేలను తాకాలి.

మరి నేల ఎంత లోతులో ఉంది? గాలానికి ఓ తాళంచెవి కట్టి వదలండి. బెండు నీళ్ల కిందికి పోయిందంటే దారం చాలలేదు. బెండు వాలిపోయి పడుకుందంటే దారం ఎక్కువైంది. కొన మాత్రం నిలబడి కనిపించిందంటే సరిపోయింది. బెండును దారానికి ముడివేయకుండా వాల్వు ట్యూబు ముక్కలు రెండు తొడిగి బిగించుకుంటే, పైకీ కిందికీ జరుపుకోవచ్చు. తాత డబ్బాలో ఆ ట్యూబు ముక్కలు అందుకే ఉండేవి.

కాలువలో ఈ రెండు ముక్కలూ ఉండాలి, బెండుకు పైన ఒకటి, కింద ఒకటి. ప్రవాహంతో పాటు బెండు నడుస్తుంటే దారాన్ని నీటిపైన ఎత్తిపట్టుకోవాలి. చెరువులో అలా కాదు. అక్కడి గొడవంతా గాలిది. నీటిమీద పరుచుకున్న దారాన్ని గాలి ఈడ్చుకుపోతుంది, దాంతోపాటు బెండూ ఎరా పక్కకు జరుగుతాయి. బెండును కింది కొన దగ్గర మాత్రమే బిగించి, కర్ర కొసను ఒకసారి నీళ్లలో ముంచి దారం తడిపి లాగితే అది నీటి కిందికి దిగుతుంది. పైన అలలు ఎంత ఆడినా బెండు కదలదు.

ఇంత సన్నని బెండు అన్నిటికీ పనికిరాదు. కొర్రమీను సంగతి వేరు. అది వేటాడే చేప, బతికున్న ఎరను ఒక్క ఊపున మింగుతుంది. ఎరే బరువుగా ఉంటుంది కాబట్టి దానికి లావుపాటి బెండు, పెద్ద గాలం, మందమైన దారం కావాలి. తామరాకుల మధ్య సన్న దారం వేసి కొర్రమీనును తగిలించుకున్నవాడు దారాన్నీ చేపనూ పోగొట్టుకుంటాడు.

కర్ర, దారం, గాలం

గాలాల నంబర్లు తికమక పెడతాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. పరిగెలకు 14, 16 నంబర్లు. కిలో శీలావతికి 8 లేదా 10. కొర్రమీనుకు 1/0 దాకా. దారం పావు మిల్లీమీటరు మందముంటే చెరువు చేపల్లో చాలావాటికి సరిపోతుంది. మందపు దారం ధైర్యాన్నిస్తుంది గానీ ఎరను బిగదీసి ఆడనివ్వదు. ముడి బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. ఎండలో కిటికీకి వేలాడదీసిన దారం కూడా ఏడాదికి పనికిరాకుండా పోతుంది. పెద్ద చేప తెంపుకుపోయిందని వాపోయేవాళ్ల దారం చూస్తే చాలాసార్లు ముడి దగ్గరే తెగి ఉంటుంది.

కర్ర విషయంలో నాకు పక్షపాతం ఉంది. నీడన ఆరబెట్టిన సన్నపాటి వెదురు కొస ఇచ్చే వంపు, పావు మిల్లీమీటరు దారాన్ని కిలో చేప తెంపకుండా కాపాడుతుంది. కార్బన్ కర్రలు తేలిక, పొడవు, చేతికి నొప్పి పుట్టవు. కానీ కార్బన్‌లో కరెంటు పారుతుంది. కాలువ గట్ల మీదుగా కరెంటు తీగలు వెళ్లే చోట ఐదారు మీటర్ల కార్బన్ కర్ర ఎత్తడమంటే ప్రాణంతో చెలగాటం. ఉరుముల వేళ కూడా అంతే.

సీసం గురించి మనం ఇంకా ఆలోచించవలసింది ఉంది. ఇంగ్లండులో జాలర్లు జారవిడిచిన సీసం గుండ్లను రాళ్లనుకుని మింగి హంసలు విషమెక్కి చచ్చిపోతుంటే, 1987 నుంచి చిన్న సీసం గుండ్ల అమ్మకం ఆపేశారు. మన చెరువుల్లో బాతులున్నాయి, నామాల కోళ్లున్నాయి, అడుగున తిండి వెతుక్కునే పక్షులెన్నో ఉన్నాయి. నేను సీసం మానేసి సన్న ఇనుప వాషర్లు వాడుతున్నాను. కాస్త మొరటుగా ఉంటాయి, బిందెలో సరిచూడటానికి పావుగంట బదులు అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

ఈక విషయమూ అంతే. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి గట్టి రక్షణ ఇచ్చింది. వానాకాలం ముగిసేసరికి మగ నెమళ్లు పింఛం రాల్చుకుంటాయి. మామిడితోటల్లో, చేల గట్ల మీద రాలిన ఈకలు దొరుకుతాయి. అవి చాలు. ఈక కోసం పక్షి మీద చెయ్యి వేయడం నేరం, అంతకన్నా పాపం. ఈక దొరకనివాళ్లకు జీలుగ బెండు ఉంది. పెన్సిలుకన్నా సన్నగా చెక్కి, గోళ్లరంగు పూసి ఆరబెడితే నీరు పట్టదు. ఊళ్లో చెరువు మత్స్యకార సంఘానికి లీజులో ఉంటే ముందు వాళ్లను అడగాలి. ఆ నీటిలోని చేపపిల్ల వాళ్ల పెట్టుబడి.

మోసు లేచినప్పుడు

మునగడానికే బెండు అన్న తాత మాటకు ఒక్క మినహాయింపు ఉంది. అదీ ఆయన చూపించిందే.

వేసవిలో కాలువలు కట్టేసే రోజులు. వంతెన కింద మడుగులో నడుములోతు నీళ్లు మిగిలాయి. మోసులన్నీ అక్కడ చేరాయి. తాత ఆ రోజు గాలానికి నాలుగు వేళ్ల పైన ఒక్కటే బరువు నొక్కాడు. దారాన్ని నీటి లోతుకన్నా జానెడు ఎక్కువ పెట్టాడు. బరువు నేలమీద కూర్చునేలా వేసి, దారం కొంచెం బిగించేసరికి ఈక నిటారుగా నిలబడింది. గుడ్డలోంచి తీసిన ఈక అది. ఆ పూట కర్ర నా చేతికిచ్చాడు.

గట్టు మీద చెప్పులు విప్పించాడు. ఈ జాతి చేపల్లో గాలితిత్తి నుంచి లోపలి చెవిదాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుందని, నేలమీద అడుగు చప్పుడు కూడా వాటికి తెలుస్తుందని నేను పెద్దయ్యాక చదువుకున్నాను. తాతకు ఎముకల సంగతి తెలియదు, చప్పుడు సంగతి తెలుసు.

వేరుశనగ చెక్క, తవుడు కలిపిన ముద్ద రెండు గుప్పెళ్లు చల్లి కూర్చున్నాం. కాసేపటికి బెండు పక్కన సన్న బుడగలు వరసగా లేచాయి. బెండు ఒకసారి వణికింది. నేను మునుగుతుందని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. అది మునగలేదు. ఎవరో కింది నుంచి నెమ్మదిగా పైకి నెడుతున్నట్టు, వడ్లగింజంత కొన కాస్తా వేలెడైంది, బెత్తెడైంది. తల కిందికి పెట్టి ఎర పీల్చుకున్న మోసు మళ్లీ సమంగా లేస్తూ బరువును కూడా నేలమీంచి ఎత్తింది. మోయాల్సిన బరువు పోయిన ఈక పైకి లేచి, పక్కకు ఒరిగి, నీటిమీద పడుకుంది.

తాత నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"లేచింది. ఇప్పుడు లాగరా!"